దాపట ఎద్దు, వెలపట కోడె

వారం కిందట ఊరినుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పోయిన నా చిన్ననాటి స్నేహితుడి మనవడు. కుశలప్రశ్నలయ్యాక కాస్త నసిగి, "తాతయ్యగారూ, కోడెకాళ్ళు అంటే ఏంటండీ? తిట్టు కాదు కదా?" అని అడిగాడు.

సంగతేమిటంటే, వాడూ ఊళ్ళో ఇంకో కుర్రాడూ కలిసి చేలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతున్నారు. డ్రోన్ వీడిది. బ్యాటరీలూ నీళ్ళ డ్రమ్ములూ మోసే ట్రాలీ ఆటో రెండోవాడిది. పెదపారుపూడి దాకా వెళ్ళి పని చేసి వస్తున్నారట. ఇప్పుడు ఆటో మీద పేరు రాయించాలి. పులులూ సింహాలూ అందరూ రాయించేసుకున్నారు. వీడి తాత బతికున్న రోజుల్లో మనవడి మీద ముచ్చట పుడితే "కోడెకాడివిరా" అనేవాడట. ఆ మాట పెడదామని వీడి ఆలోచన. ఆటో కుర్రాడికి అనుమానం. పెయింటరు కూడా ఎందుకైనా మంచిది, పెద్దవాళ్ళనడగండి అన్నాడట.

తిట్టు కాదు, రాయించుకోండి అన్నాను. అర్థమేమిటో వచ్చినప్పుడు చెబుతానన్నాను. ఫోన్లో చెప్పేస్తే తరిగిపోతుందనిపించింది.

నేనుండే ఈ బందరు వీధిలో ఎవర్ని ఆపి అడిగినా కోడెకాడు అంటే మొహం చూస్తారు. నిఘంటువులో వెతికితే యువకుడు అని ఒక్క ముక్క ఉంటుంది. కోడె అంటే వయసులోకొస్తున్న గిత్త, దానివంటివాడు కోడెకాడు అని ఇంకాస్త ఓపికున్నవాళ్ళు చెబుతారు. అది తప్పని నేననను. కానీ నాకు ఆ మాట పుస్తకంలో దొరకలేదు. కాలవ కింద చేలో, మోకాలి లోతు బురదలో దొరికింది.

మాది బతికి చెడ్డ ఇల్లు. జాలి కోసం చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. ఘంటసాల దాటి కాలవ గట్టు వెంట వెళ్తే వచ్చే మా ఊళ్ళో ఒకప్పుడు మా కాడి కట్టందే ఎవరూ నాట్లకు చేను బురదగా దున్నే దమ్ము మొదలుపెట్టేవారు కాదట. నాకు ఊహ తెలిసేనాటికి ఆ 'అట' ఒక్కటే మిగిలింది. పొలాలు దాయాదుల వ్యాజ్యాల్లో కరిగిపోయాయి. నాన్న గుడివాడలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి ఆదివారాలు వచ్చి వెళ్ళేవారు. బస్సు దిగి ఊరి మధ్యనుంచి రాకుండా చేల గట్ల మీదుగా ఇంటికొచ్చేవారు.

నాయనమ్మ అలా కాదు. వీధి అరుగు మీద, అందరికీ కనబడేలా కూర్చునేది. ఆవిడ వెన్ను గోడకు ఆనగా నేను చూడలేదు. అరుగు మీద కూర్చునే పాలేళ్ళను పిలిచేది, అరుగు మీద కూర్చునే సాయంత్రం చేలనుంచి వచ్చే ఎడ్లను చూసేది. ఎడ్లు పోయి, పాలేళ్ళు పోయి, చూడ్డానికేమీ లేకపోయినా ఆ వేళకు వచ్చి కూర్చునేది.

కోడెకాడు ఆవిడ మాట. మీ ముత్తాత కోడెకాడుగా ఉన్నప్పుడు వరద కాలవను ఈది నారు కట్టలు తెచ్చాడని చెప్పేది. మీ తాతగారి పెళ్ళిలో కోడెకాళ్ళంతా పోటీలు పడి గారెలు తిన్నారని చెప్పేది. అన్నీ పోయినవాళ్ళ గురించే. పెట్టె అడుగున దాచిన పట్టుపంచెలాంటి మాట అది. మూతి మీద నూనూగు మీసం వస్తున్న నన్ను మాత్రం కుర్రకుంక అనేది.

ఆ పట్టుపంచె నా ఒంటి మీద ఎప్పుడు పడుతుందా అని చూసేవాణ్ణి. కోడె అంటే పొగరని నా లెక్క. అందుకని నడక మార్చాను. మెడ బిగించి, ఛాతీ విరుచుకుని వీధిలో అటూ ఇటూ తిరిగాను. నాయనమ్మ చూసి, కుర్రవెధవకి మెడ పట్టినట్టుంది, కాపడం పెట్టమని అమ్మతో చెప్పింది.

ఆ ఏడు మాకు మిగిలింది కాలవ పక్క ఒక పొలం చెక్కా, ఒక ముసలి ఎద్దూ. దాని జత ఎద్దు చలికాలంలో చచ్చిపోయింది. మా చివరి పాలేరు లారీ మీద పనికి వెళ్ళిపోయాడు. తొలకరి పడింది. కాలవకు నీళ్ళు వదిలారు. ఆ కొత్త నీటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. ఎండిన తుంగా, చేప పొలుసూ, వేసవంతా కాలవలో పడి మగ్గిన ఆకులూ కలిసిన వాసన. నారుమడి పచ్చగా లేచింది. దమ్ము చేసేవాడు లేడు.

ఊళ్ళో ఒక మోతుబరి ఉండేవాడు. మా పొలాల్లో సగం ఆయన చేతికే వెళ్ళాయి. మర్యాదస్థుడే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వచ్చి, "పిన్నిగారూ, మీకెందుకీ తిప్పలు, ఆ చెక్క నాకు కౌలుకిచ్చేయండి" అన్నాడు. నాయనమ్మ ఆయనకు మజ్జిగ ఇప్పించి పంపింది. తర్వాత మాతో, కౌలుకిచ్చాక ఇది రైతు ఇల్లు కాదు, సత్రం అంది. నారు ముదిరేలోగా దమ్ము పడకపోతే ఆ సత్రం తప్పదని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడు వచ్చింది వాళ్ళమ్మ. అంటే, నా స్నేహితుడు కాబోయేవాడి తల్లి. దివిసీమ చివరినుంచి వచ్చి కాలవ అవతల పేటలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఆవిడ భర్త నాగాయలంక వైపు చేపల పనికి వెళ్ళి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. మా చెక్కను ఆనుకునే వాళ్ళకు ప్రభుత్వమిచ్చిన చిన్న ముక్క ఉంది. వాళ్ళ ఆవుకు పుట్టిన కోడె ఒకటి ఉంది. తెల్లగా, మూపురం మీద మాత్రం బూడిద చల్లినట్టు ఉండేది. ఇంకా కాడి ఎరగదు.

ఆవిడ అరుగు కింద నిలబడి, చుట్టూ తిప్పకుండా చెప్పింది. మీకొక ఎద్దుంది, మాకొక కోడె ఉంది, రెండూ ఒంటివే, కలిపి కడితే రెండు చేలూ తడుస్తాయి అని.

నాయనమ్మ ఆవిణ్ణి తలనుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత, "మా ఎద్దు ఇంతవరకూ ఇంకో ఇంటి పశువుతో కాడి పంచుకోలేదమ్మా" అంది.

"మా కోడె కూడా పంచుకోలేదండి పెద్దమ్మగారూ. దానికీ ఇదే మొదలు."

నాయనమ్మ మొహంలో ఏదో కదిలింది. తనకు తగ్గ మనిషి ఎదురైతే వచ్చే కదలిక అది. పొత్తు కుదిరింది. కానీ నాయనమ్మ ఒక షరతు పెట్టింది. వెలపట పక్క, అంటే కుడిపక్క, మా ఎద్దే నడవాలి. ఏరువాకనాడు మొదటి బొట్టు కుడిపక్క ఎద్దుకే పెడతారు. అది మా ఇంటి పక్క. దానికి వాళ్ళమ్మ తలూపి తనూ ఒకటి పెట్టింది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడితే కుదరదు, మీ అబ్బాయి కూడా మేడి పట్టాలి అంది.

మా ఇంట్లో మగవాళ్ళు నాగలి మేడి పట్టినట్టు కథల్లో కూడా లేదు. నాయనమ్మ నావైపు చూసింది. నేను అవునన్నట్టు తల కూడా ఊపలేదు, నిటారుగా నిలబడ్డాను. ఆవిడ దాన్నే ఒప్పుకోలుగా తీసుకుంది.

కోడెను తిన్నగా బురదలో దింపకూడదు. ముందు మెట్ట మీద తాటి మొద్దు కట్టి లాగించాలి. మర్నాడు పొద్దున్నే కాలవ గట్టు మీద మొదలుపెట్టాం. వాళ్ళ కుర్రాడిది నా వయసే. నల్లగా, సన్నగా, ఎప్పుడూ నవ్వు ఆపుకుంటున్న మొహం. "చినబాబుగారూ, ఎద్దు తోక ఏ వైపుంటుందో తెలుసా అండి?" అన్నది వాడు నాతో మాట్లాడిన మొదటి మాట. కాసేపటికి కోడె మొద్దుతో సహా తూటికాడ పొదల్లోకి దూకింది. పగ్గం వదలకూడదన్న పంతంతో దాని వెనకే నేనూ వెళ్ళాను. వాడు నన్ను పైకి లాగి, నా చొక్కా మీది నాచు తీసి, "ఇప్పుడు తెలిసుంటుంది లెండి" అన్నాడు. కోపం రావాలి. నవ్వొచ్చింది.

ఆ కోడె వాళ్ళ ప్రార్థన మందిరం పక్క పాకలో పెరిగింది. కీర్తన పాడితే తప్ప బుద్ధిగా నడిచేది కాదు. వాడు పాడితే చెవులు రిక్కించి అడుగు కలిపేది, ఆపితే ఆగేది. వాడి గొంతు బొంగురుపోయిన రోజున నేను పాడాల్సి వచ్చింది. మాట రానిచోట హూ హూ అని నెట్టుకొచ్చాను. దానికి అంత పట్టింపు లేదు. ఒక సాయంత్రం ఇంట్లో బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ తెలియకుండా అదే రాగం అందుకున్నాను. లోపల విష్ణు సహస్రనామం చదువుకుంటున్న నాయనమ్మ ఆగింది. నేనూ ఆగాను. కొంతసేపటికి, "రాగం బావుంది, శ్రుతి చూసుకో" అని మళ్ళీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని తినేవాళ్ళం. నాకు అమ్మ ఇచ్చిన మజ్జిగన్నం, మాగాయ ముక్క. వాడికి గోంగూరలో ఎండు రొయ్యలు. మొదట్లో ఎడంగా కూర్చునేవాళ్ళం. మాగాయ వాసన వాణ్ణి లాగింది, రొయ్యల వాసన నన్ను లాగింది. గిన్నెలు ఎప్పుడు చేతులు మారాయో చెప్పలేను. వంటింట్లోంచి బెల్లం ముక్కలు నేను పట్టుకొచ్చేవాణ్ణి. కోడెకని తెచ్చేవాణ్ణి. దానికి దక్కేది తక్కువ.

ఇంతవరకూ బాగానే ఉంది. బురదలో దిగాక అసలు సంగతి తెలిసింది.

జత సాగలేదు. నాగలి నేలలో దిగగానే ముసలి ఎద్దు కోడె మీదికి ఒరిగేది. కోడె బెదిరి గట్టువైపు లాగేది. నాగటి చాలు పాము పాకినట్టు వంకరలు పోయేది. మూల తిరిగేచోట ఒకదాని కాళ్ళు ఒకటి తొక్కేవి. ఒకరోజు కాడి మేకు విరిగింది, ఇంకోరోజు నాగలి కర్రు గట్టులో దిగబడింది. మేమూ, చూసేవాళ్ళూ, అందరం తప్పు కోడెదే అనుకున్నాం. చుట్టూ చేలన్నీ అద్దాల్లా నీటితో మెరుస్తున్నాయి. నాట్లు పడుతున్నాయి. మా నారు కొసలు పసుపు తిరుగుతున్నాయి.

మోతుబరి గట్టు మీద ఆగి చూశాడు. అది కోడె కాదురా, అచ్చోసిన ఆంబోతు, దాన్ని నమ్ముకుంటే నారు పశువులకు మేత అవుతుంది, పిన్నిగారికి నా మాట గుర్తు చేయి అని వెళ్ళిపోయాడు.

ఆ మాటకు వాడి నవ్వు మొహం మాడిపోయింది. అంతకంటే ఎక్కువ దెబ్బ తగిలింది వాళ్ళమ్మకు. అన్నం పట్టుకొచ్చిన మనిషి గిన్నె దించి, కోడె మెడ కింద చెయ్యి పెట్టి నిలబడింది. ఎవరితో అంటున్నట్టూ కాకుండా అంది. "పొగరు ఆంబోతుకీ ఉంటుంది, కోడెకీ ఉంటుంది. ఆంబోతు ఎవరి పక్కనా నిలబడదు. ఇది నిలబడింది. పక్కవాడి అడుగు దీనికి అందడం లేదు, అంతే."

అప్పటికి నాకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. చెవిలో మాత్రం ఉండిపోయింది.

మర్నాడు పొద్దున కొత్త మేకు కొట్టించుకుని చేలోకి వెళ్ళాం. వాడు కోడెను పట్టుకుని ఇంకా గట్టు అవతలే ఉన్నాడు. నేను కాడిని బురదలో పడేసి, రోజూలా పట్టి నిలబెట్టకుండా, ముసలి ఎద్దు పలుపు విప్పి, వెలపట పక్కకు తోలాను. అది రెండడుగులు వేసి ఆగింది. కాడి చుట్టూ తాపీగా తిరిగి వెళ్ళి దాపట పక్క, అంటే ఎడమవైపు, నిలబడి మెడ వంచింది. కుడివైపు లాగాను. కదల్లేదు. నావైపు తిరిగి చూసింది. విసుగూ లేదు, కోపమూ లేదు. తన చోటు తనకు తెలిసిన ముసలివాళ్ళు చూసే చూపు.

ఎన్నేళ్ళనుంచో అది దాపట నడిచిన ఎద్దు. వెలపట నడిచింది చచ్చిపోయిన దాని జత. తరాల తరబడి అరకలు కట్టించిన ఇల్లు మాది. మా ఎద్దు ఏ పక్క నడుస్తుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

వాడు వచ్చి చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఇలాగే కట్టేద్దాం, పెద్దమ్మగారికి చెప్పకపోతే ఏం అన్నాడు వాడు. పని అయిపోయేది. కానీ అది నాయనమ్మ నోటిమాటగా పెట్టిన షరతు. ఆవిడ వెనకాల దాన్ని మార్చడం నాకు ఇష్టం లేదు. ఇంటికి వెళ్ళి చెప్పాను. ఎద్దు దాపటదే అన్నాను.

"నాకు తెలియదట్రా? పదేళ్ళు సాయంత్రం పూట చూశాను. కుడిపక్కే వచ్చేది" అంది.

వచ్చి చూడమన్నాను. చేలోకి అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు. లేచింది. చేతికర్ర తీసుకోలేదు. గట్టు మీద జారుతున్నా నా చెయ్యి పట్టుకోలేదు. ఊళ్ళో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. మోతుబరి కూడా తన చేలో ఆగి చూశాడు. కాడి దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంది. ముసలి ఎద్దును మళ్ళీ వెలపటకు తోలాను. అది మళ్ళీ చుట్టు తిరిగి దాపటకు వెళ్ళి మెడ వంచింది.

నాయనమ్మ ఎద్దుల ముఖాలకు ఎదురుగా నిలబడి ఉంది. అక్కణ్ణించి చూస్తే ఎద్దు ఆవిడ కుడిచేతి వైపే ఉంది. ఆవిడ కాసేపు అలాగే చూసింది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, బురదలోకి దిగి, మేడి పట్టుకునేవాడు నిలబడేచోటికి, మా ఇద్దరి పక్కకూ వచ్చింది. అక్కణ్ణించి చూసింది. అప్పుడు ఎద్దు ఎడమవైపుంది.

"నేనెప్పుడూ ఎదురుగానే చూశాన్రా" అంది.

అంతే అంది. ఆ గొంతులో ఓటమి లేదు. కొత్త సంగతి తెలుసుకున్న మనిషి గొంతు అది. వాళ్ళమ్మవైపు తిరిగి, "వెలపట మీ కోడెనే కట్టించమ్మా" అంది. వాళ్ళమ్మ తన బొడ్లో దోపుకున్న చిన్న బెల్లం ముక్క తీసి, ముందు మా ఎద్దుకు పెట్టింది.

జత సాగింది. మొదటి చాలులోనే తేడా తెలిసిపోయింది. ముసలి ఎద్దు తన పక్కన తాను నిదానంగా దారి పట్టింది. కోడె ఒకటి రెండుసార్లు తోసుకెళ్ళబోయి, పక్క అడుగు చెవికి అందాక దానితో కలిసింది. ముసలిదానికి దారి తెలుసు, కోడెకు బలముంది. మూల తిరిగేచోట ముసలిది ఆగి, కోడె తిరిగేదాకా ఉండి, అప్పుడు కదిలేది. ఒక చాలు వాడు పట్టాడు, ఒక చాలు నేను పట్టాను. మేడి పట్టినవాడు నిటారుగా నిలబడలేడు. నాగలి మీదికి వంగాలి. వెన్ను వంచడం నాకు అదే మొదలు. పరువేమీ పోలేదు. బురద మాత్రం కళ్ళలోకి వచ్చింది.

నాయనమ్మ ఇంటికి వెళ్ళలేదు. గట్టు మీద, మాకు వెనకవైపు, ఎండలో నిలబడింది. మధ్యాహ్నం కాడి దించి, ఇద్దరం బురదముద్దల్లా ఆవిడ ముందుకు వెళ్ళాం. ఎవరెవరో ఆవిడ పోల్చుకోలేనట్టు మార్చి మార్చి చూసింది. వాళ్ళమ్మతో అంది.

"చూశావటమ్మా మన కోడెకాళ్ళని."

మన అంది. కోడెకాళ్ళు అంది. పోయినవాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వని మాటను పెట్టెలోంచి తీసి, ఒకేసారి ఇద్దరి మీదా కప్పింది. నేను ఇన్నాళ్ళూ అది నా ఒక్కడి ఒంటికి కొలిచిన పంచె అనుకున్నాను. వాడు నా పక్కకు ఒంగి, "మీ నాయనమ్మ మనల్ని తిట్టిందేంట్రా?" అని మెల్లగా అడిగాడు. చినబాబుగారు అక్కడితో పోయింది.

నారు ముదరకముందే రెండు చేలూ నాటాం. ఆ ఆదివారం నాన్న ఎప్పట్లాగే గట్ల మీదుగా వచ్చారు. నాటిన చేను దగ్గర చాలాసేపు ఆగిపోయారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఊరి మధ్యనుంచి, నన్ను వెంటబెట్టుకుని బస్సుకు వెళ్ళారు. మోతుబరి ఎదురై నమస్కారం పెట్టాడు. నాన్న ఆగి, వానల గురించి రైతు మాట్లాడినట్టు మాట్లాడారు.

తర్వాత చాలా పోయాయి. ముసలి ఎద్దు ఆ తర్వాత కొంతకాలానికి పోయింది. అప్పటికి కోడె ఎద్దయి, కొత్త కోడె పక్కన దారి చూపేది అయింది. ట్రాక్టర్లు వచ్చాయి. కాడి అన్న మాట పిల్లలకు బొమ్మ గీసి చెప్పాల్సి వస్తోంది. అరుగు రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. నాయనమ్మ లేదు, వాళ్ళమ్మ లేదు, వాడూ లేడు. ఆ చెక్క మాత్రం కౌలుకు పోలేదు. వాళ్ళ చెక్కతో కలిపి ఇప్పటికీ పొత్తులోనే సాగుతోంది.

మొన్న ఊరెళ్ళాను. ఆ చెక్కలోనే ఆ పూట డ్రోన్ ఎగరేస్తున్నారు. కుర్రాళ్ళిద్దరూ నాకోసం గట్టు మీద చెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీ వేశారు, అంతా ఎదురుగా కనబడేలా. నేను కూర్చున్నాను, కాసేపు చూశాను. ఒకడు రిమోట్ పట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. రెండోవాడు వాడి భుజం పక్కన నిలబడి, గట్టూ కరెంటు తీగా ఎక్కడున్నాయో మెల్లగా చెబుతున్నాడు. మూల తిరిగేచోట ఇద్దరూ ఒక్క క్షణం ఆగుతున్నారు. చెబుతానన్న అర్థం ఇక చెప్పనక్కర్లేదనిపించింది.

లేచి, గట్టు చుట్టి, వాళ్ళ వెనక్కి వెళ్ళాను.

"అక్కడ నీడ లేదండి తాతయ్యగారూ" అన్నాడు మనవడు, తల తిప్పకుండానే.

"ఫర్వాలేదు, మీ పని మీరు కానీండి" అన్నాను.

నా పక్కన ఆటో ఆగి ఉంది. ఎదురుగా కుర్చీలో కూర్చున్నంతసేపూ నాకు దాని ముందు అద్దమే కనబడింది. పేరు వెనక డోరు మీద రాయించారు. ఎర్రటి అక్షరాలు, రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. కోడెకాళ్ళు. చేతిరుమాలు తీసి, దాని మీద పడిన బురద చుక్క ఒకటి తుడిచాను.